నాగార్జునకొండ దీవి యాత్ర

దీవి యనగానే మన మనస్సు దూరపు సముద్రములమీదికి పోవును. అండమాను దీవులు, లక్షదీవులు, సింహళము మొదలగు వానిని పటములో చూపి పిల్లలకు చెప్పుదుమే గాని, అచ్చటికి పోయి రాగల సావకాశము గృహిణులలో నెందరికి గలదు? ఓడ యెక్కవలెను, దినములకొలది యిల్లు విడువవలెను, ధనము వెచ్చింపవలెను. అట్టి ప్రయాస మేమియు లేక, తెల్లవారుజామున బయలుదేరి రాత్రి భోజనముల వేళకు మరల నిల్లు చేరుకొనదగిన దీవి యొకటి పల్నాటిలోనే యున్నది. ఎండకును, రాతికిని, జొన్నకూటికిని పేరుపడిన పల్నాటిలో దీవి యేమని కొందరు సోదరీమణులు నవ్వవచ్చును. నవ్వదగిన మాటయే. ఏలయన అది మొదట దీవి కాదు, కొండ. దానిచుట్టు లోయయు, లోయలో పల్లెలును, పొలములును, దేవళములును, వాని నడుగున పదునేడు వందల యేండ్లనాటి రాజధానియు నుండెను. కృష్ణకు గొప్ప ఆనకట్ట కట్టినపుడు లోయ జలాశయమై, కొండశిఖరము మాత్రము నీటిపైన నిలిచెను. ఆ శిఖరమే నేటి నాగార్జునకొండ దీవి.

మేము నరసారావుపేట నుండి తెల్లవారక మునుపే బయలుదేరితిమి. ఆడువార మైదుగురము, పిల్ల లిద్దరు, మా వీధిలో నందరును పెద్దమ్మ యని పిలుచు వృద్ధురాలొకతె. ఆమెకు డెబ్బదియైదు దాటినవి. పులిహోర, పెరుగన్నము, జొన్నరొట్టెలు, గోంగూర పచ్చడి, మజ్జిగ, ఇవి మా ప్రయాణపు సామగ్రి. గుంటూరి వైపునుండి వచ్చువారికి మాచర్ల వరకు రైలు గలదు. మేము మోటారులో పిడుగురాళ్ళ, గురజాల, రెంటచింతల మీదుగా పోయితిమి.

పిడుగురాళ్ళ దాపున సున్నపు బట్టీల పొగ కనబడును. పల్నాటి భూమియడుగున నున్నది సున్నపురాయి. ఈ రాతినే మనవారు కాల్చి గోడలకు సున్నము చేయుదురు. ఈ జాతిరాతినే పూర్వశిల్పులు చెక్కి బుద్ధుని కథలు చెప్పించిరి. దారిలో బట్టీని, దరి చేరిన పిదప శిల్పమును చూచిన కన్నులకు ఈ రెంటికిని గల చుట్టరికము తెలియును. రెంటచింతల యెండలకు ప్రసిద్ధి. వేసవిలో రాష్ట్రమున మిక్కిలి వేడి గల తావులలో దాని పేరు తరచుగా వినబడును. కావున ఈ యాత్రకు కార్తికము మొదలు మాఘము వరకు గల నెలలు మేలు.

మాచర్లలో కొంచెము సేపాగి, చంద్రవంక యొడ్డున నున్న చెన్నకేశవస్వామిని సేవించితిమి. పల్నాటి వీరుల కథలో మలిదేవుడు రాజ్యమేలినది ఈ మాచర్ల. నలగాముని గద్దె గురజాల. ఒక ప్రక్క బ్రహ్మనాయుడు, ఒక ప్రక్క నాయకురాలు నాగమ్మ. ఒక స్త్రీ మంత్రాంగము నడపిన సీమ యిది యని మాలో నొకతె పిల్లలకు చెప్పుచుండగా, "యుద్ధము తెచ్చినది కూడ ఆమెయే కదా" యని మరియొకతె యనెను. ఈ వాదము పల్నాటిలో ఎనిమిది వందల యేండ్లుగా నడచుచున్నది. మా మోటారులోను తెగలేదు.

మాచర్ల నుండి విజయపురి సౌత్ చేరుటకు అరగంట కంటె నెక్కువ పట్టదు. అచ్చట పర్యాటక శాఖవారి లాంచీల రేవున్నది. టిక్కెట్లు తీసికొనిన పిమ్మట ప్రతివారికిని, పసిపిల్లలకు గూడ, లైఫ్ జాకెట్టు తొడిగిరి. పట్టుచీరపై నది యేమి సొగసని యొకతె విసుగుకొనెను గాని, లాంచీవాడు ముడి బిగించి చూచిన తరువాతనే మమ్ము లోనికి పోనిచ్చెను. 2019వ సంవత్సరము సెప్టెంబరులో గోదావరిపై కచ్చులూరు దగ్గర పడవ మునిగి పెక్కుమంది ప్రాణములు పోయిన సంగతి తెలుగువా రెవ్వరును మరువరు. నీటిమీద సొగసుకంటె జాగ్రత్త ముఖ్యము.

మాకు గైడుగా నొక యువకుడు దొరికెను. అతడు మొదట ఆనకట్టను చూపెను. దానికి 1955 డిసెంబరు 10వ తేదీన ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధిగారు కాలువలకు నీరు వదలిరి. ఎత్తు 124 మీటర్లు, గేట్లు 26. ఇది ముఖ్యముగా రాతికట్టడము. వేలకొలది కూలీలు తట్టలతో రాయి మోసి దీనిని లేపిరి. వారిలో తలపై తట్టయు చంకలో బిడ్డయు గల తల్లు లెందరో! కుడి కాలువకు నెహ్రూగారి పేరు, ఎడమ కాలువకు లాల్ బహదూర్ శాస్త్రిగారి పేరు పెట్టిరి. కుడి కాలువ నీరు పల్నాటి మీదుగా ప్రకాశము వైపునకు పోవును. ఆవలి యొడ్డు నల్లగొండ జిల్లా, నేడు తెలంగాణము. ఈవలి యొడ్డు 2022 ఏప్రిలులో ఏర్పడిన పల్నాడు జిల్లా.

లాంచీ కదలెను. దీవికి సుమారు 11 కిలోమీటర్లు; ఒక గంట లోపు ప్రయాణము. రెండువైపులను నల్లమల కొండలు నీటిలోనికి దిగి నిలిచి యున్నవి. నీరు ఆకుపచ్చ, ఆకాశము నీలము. పిల్లలు చేతులు చాచి తుంపరల నందుకొనుచుండిరి. పెద్దమ్మ మాత్రము ఒక మూల కూర్చుండి చెంగు నోటికడ్డము పెట్టుకొని నీటిని జూచుచుండెను. తల తిరుగుచున్నదేమో యని నేను దగ్గరకు పోయి యడిగితిని.

"ఏం పెద్దమ్మా, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉందమ్మా. మా పుట్టిల్లు ఎక్కడుందా అని చూస్తున్నా."

నాకు మొదట అర్థము కాలేదు. ఆమె పుట్టినది ఈ లోయలోని పల్లెయొకటి యని అప్పుడు చెప్పెను. ఇన్నియేండ్లుగా ఒకే వీధిలో నుండియు ఆ మాట మాలో నెవ్వరికిని తెలియదు. మే మడుగను లేదు. ఆనకట్ట కట్టుచుండగా ఊరువారి కందరికిని లేచిపొమ్మని తాకీదు వచ్చినప్పటికి ఆమె పదేండ్ల పిల్ల. తండ్రి బండి కట్టెను. తల్లి తిరగలి రాళ్ళు రెండును, ఉట్టియు, దూలముల కట్టెలును బండిలో నెక్కించెను. వాకిట నున్న వేపచెట్టును మాత్రము కొట్టనీయలేదట.

"నీళ్ళల్లో మునిగిపోయే చెట్టుని కొట్టుకుంటే కట్టెలన్నా వస్తాయిగదా అని నాన్న అన్నాడు. అమ్మ ఊరుకోలా. పచ్చని చెట్టు వాకిట్లో నిలబడి ఉండగానే మనం పోదాం అంది."

గైడు ఈ మాటలు వినుచుండెను. అతడు లాంచీ నడుపువానితో నేమో చెప్పి, దక్షిణపు కొండనొకదానిని చూపి, "అవ్వా, ఆ కొండని బట్టి చూస్తే మీ ఊరు అటువైపు అయ్యుంటుంది" అనెను. పెద్దమ్మ కొంగుముడి విప్పి, ఇంటినుండి తెచ్చుకొనిన పసుపు, కుంకుమ పొట్లములు తీసి నీటిలో విడిచెను. ఆమె యీ యాత్రకు వచ్చిన పని అదియే యని మాకప్పుడు తెలిసెను. తరువాత గైడును చూచి యొక ప్రశ్న వేసెను.

"రాజుల రాళ్ళన్నీ కొండమీదికి మోశారంటగదా నాయనా. మా ఊరి రాళ్ళు ఏమన్నా మోశారా?"

అతడు తల వంచుకొని, "లేదవ్వా" అనెను. లాంచీ చప్పుడు తప్ప వేరు మాట లేకుండ దీవి చేరితిమి.

ఆ రాజుల రాళ్ళ సంగతి చదువరులకు కొంత చెప్పవలయును. ఈ లోయలో శిథిలములున్నవని 1926వ సంవత్సరమున బయటి లోకమునకు తెలిసెను. సూరపరాజు వేంకటరామయ్యగారను బడిపంతులు ఇచ్చటి పాతస్తంభము నొకదానిని చూచి ప్రభుత్వమునకు తెలియజేసిరి. పురావస్తుశాఖలో తెలుగు పండితుడుగా నున్న సరస్వతిగారు వచ్చి పరీక్షించిరి. 1927 మొదలు 1931 వరకు లాంగ్‌హర్స్టు దొర త్రవ్వించెను, 1938లో టి. ఎన్. రామచంద్రన్ గారు మరల పని సాగించిరి. ఆనకట్ట నిశ్చయమైన పిదప, నీరు వచ్చులోపల చూడగలిగినదంతయు చూడవలెనని 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యముగారి యాధ్వర్యవమున లోయ యంతయు త్రవ్విరి. నూటికి పైగా స్థలములు బయల్పడెను. రాతియుగపు పనిముట్లు మొదలు మధ్యయుగపు కోట వరకు నన్ని కాలముల జాడలును దొరకినవి. ఇన్నింటిని కదలించుట సాధ్యము కాదు గదా! ముఖ్యములగు తొమ్మిది కట్టడములను రాయి రాయికి గురుతు వేసి విప్పి కొండమీదికి చేర్చి మరల గట్టిరి. మరి పదునాల్గింటి ప్రతిరూపములను జలాశయపు తూర్పుటొడ్డున అనుపులో నిలిపిరి. శిల్పములకు, శాసనములకు కొండమీదనే వస్తుప్రదర్శనశాల గట్టి 1966లో తెరచిరి. తక్కినదంతయు నీటియడుగున నున్నది.

రేవులో దిగి మెట్లెక్కిన తరువాత చక్కని తోట వచ్చును. మధ్యయుగపు కోటగోడల శిథిలములు దారిలో కనబడును. ఆచార్య నాగార్జునుడు ఈ కొండమీద నివసించెనని ప్రతీతి; కొండపే రట్లే కలిగినది. రసవాదముతో కొండనే బంగారము చేయబూనెనని కథలు గూడ జనులు చెప్పుకొందురు. మా గైడును ఆ కథ చెప్పి నవ్వెను. శాసనములలో మాత్రము ఈ తావు శ్రీపర్వతము, ఈ నగరము విజయపురి. క్రీస్తుశకము మూడవ శతాబ్దిలో శాతవాహనుల పిదప ఇక్ష్వాకు రాజులు దీనిని రాజధానిగా జేసికొని యేలిరి. మొదటివాడు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు, అశ్వమేధము చేసినవాడు. అతని కుమారుడు మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు. అతని కుమారుడు వాసిష్ఠీపుత్ర ఎహువుల చాంతమూలుడు. ఈ బిరుదులను చూడుడు. వాసిష్ఠి కొడుకు, మాఠరి కొడుకు అని తల్లి గోత్రనామముతోనే రాజు తన్ను తాను చెప్పుకొనెను.

ఇంతకంటె విశేషము వేరొకటి గలదు. విజయపురిలోని మహాచైత్యమును ప్రతిష్ఠించినవారు రాజులు కారు. తండ్రి అశ్వమేధయాజి, అంతఃపురపు స్త్రీలు బుద్ధుని కొలిచిరి. వీరపురుషదత్తుని ఆరవ రాజ్యసంవత్సరమున మహాచైత్యమునకు స్తంభములు నిలిపి ప్రతిష్ఠ జరిపించినది చాంతిసిరి. ఆమె యెవరు? చాంతమూలుని తోబుట్టువు, వీరపురుషదత్తునకు మేనత్త. ఆమె శాసనములలో నొకచోట వీరపురుషదత్తుని అల్లుడని చెప్పుకొనెను. చాంతమూలుని మరియొక చెల్లెలు హమ్మసిరి. ఆమె కుమార్తెలు బాపిసిరి, ఛఠిసిరి యనువా రిరువురును వీరపురుషదత్తుని రాణులు. సోదరీమణులారా! మేనరికమును గురించి నేటికిని మన యిండ్లలో తెగని చర్చ జరుగుచున్నది గదా. అట్టి సంబంధములు పదునేడు వందల యేండ్ల క్రిందటనే కృష్ణయొడ్డున రాతిమీద వ్రాయబడి యున్నవి. రక్తసంబంధపు పెండ్లిండ్ల వలన బిడ్డలకు కలుగు కీడు నేటి వైద్యులు చెప్పుచున్నారు గావున ఆచారము పాతదన్న కారణముచేత దానిని పట్టుకొని వ్రేలాడ నక్కరలేదు. కాని అది ఎంత పాతదో తెలిసికొనుట తప్పుగాదు.

చాంతిసిరి యొక్కతెయే కాదు. ఉజ్జయిని నుండి వచ్చిన మహారాజపుత్రిక రుద్రధరభట్టారిక మహాచైత్యమునకు స్తంభమును, నూట డెబ్బది దీనారి మాషకములును ఇచ్చెను. పుట్టినిల్లు ఉజ్జయిని, ఆ కాలమున రైలు లేదు, తపాలు లేదు. అంత దూరపు ఆడుబిడ్డ తెలుగుదేశమున తన పేరు రాతిపై నిలుపుకొనెను. వీరపురుషదత్తుని రాణి భట్టిదేవ బహుశ్రుతీయులను భిక్షువులకు విహారము కట్టించెను. అతని కుమార్తె కొడబలిసిరి వనవాసి రాజునకిల్లాలై మహీశాసకులను భిక్షువులకు విహారము కట్టించెను. అత్తవారింటికి పోయినను పుట్టినింటి యూరిని మరువని యాడుబిడ్డ యని ఆ శాసనమునుబట్టి యూహింపవచ్చును.

వీరందరు రాజకుటుంబమువారు. ధనము గలదు, అధికారము గలదు. వీరికంటె నా మనస్సు నాకర్షించినది బోధిసిరి. ఆమె రాణి గాదు; కలిగిన గృహస్థుల ఇంటి యుపాసిక. సింహళద్వీపపు భిక్షువుల కొరకు చిన్న ధమ్మగిరిపై చైత్యగృహము కట్టించెను. ఆ శాసనములో తాను చేసిన పనులన్నియు నొక్కొక్కటిగా చెప్పించినది. సింహళ విహారమున బోధివృక్షమునకు ఆలయము, మహాధమ్మగిరిలో ఒక గది, దేవగిరిలో ధ్యానశాల, పూర్వశైలమున చెరువు, కంటకశైలమున, అనగా నేటి కృష్ణా జిల్లా ఘంటశాలలో, రాతిమండపము. మనము పండుగకు ముందు చేయవలసిన పనుల పట్టీ వ్రాసికొన్నట్లున్నది! ఆ గదికి శాసనములోని ప్రాకృతపు మాట ఓవరకము. మన పాతయిండ్లలో ధాన్యమును, పచ్చడి జాడీలును దాచుకొను లోపలిగదిని మన ముత్తవ్వలు ఓవరి యనిరి గదా, అదియే యిది. ఆ పుణ్యమును ఆమె తనకే ఉంచుకొనలేదు. భర్తకు, తల్లిదండ్రులకు, తోబుట్టువులకు, అత్తవారివైపు బంధువులకు వరుసగా పంచిపెట్టినది. ఎవరిని మరచిన నిష్ఠురమగునో యని వెదకి వెదకి వ్రాయించిన యాడుదాని చేయి ఆ శాసనమున కనబడుచున్నది. ఆ భిక్షువులు కాశ్మీరము, గాంధారము, చీనా, వంగము, వనవాసి, ద్రమిళము, సింహళము మొదలగు దేశములను ధర్మమునకు త్రిప్పినవారని గూడ ఆ శాసనము చెప్పును. విజయపురి గృహిణి తన యూరినుండియే ఇన్ని దేశముల పేళ్ళు విని యుండెను.

ప్రదర్శనశాలలోని శిల్పములను నిదానముగా చూడవలెను. సిద్ధార్థుడు నడురాత్రి యిల్లు విడుచు ఘట్టము, నందుని బుద్ధుడు భిక్షువుగా జేయు కథ, మాంధాతృజాతకము మొదలగునవి గలవు. లేత ఆకుపచ్చ కలిసిన తెల్లని రాతిలో మూర్తు లొకరిపై నొకరు పడుచున్నట్లుండియు ముఖముల భావములు చెదరవు. నందుని కథ చూచునపుడు, ఇంట నెదురుచూచుచున్న సుందరి సంగతి యేమని మాలో నొకతె యడిగెను. గైడు సమాధానము చెప్పలేదు, కథయు చెప్పదు. మరియొక చోట ఛాయాస్తంభములు గలవు. చనిపోయినవారి జ్ఞాపకార్థము నిలిపిన శిలలివి. రాజులకే గాక యుద్ధములో పడిన భటులకును, పనివారికిని గూడ ఇట్టి శిలలు నిలిపిరి. చాంతమూలుని ఛాయాస్తంభమును అతని తల్లులు, తోబుట్టువులు, రాణులు చేరి వీరపురుషదత్తుని ఇరువదవ యేట నిలిపిరి.

బయట మహాచైత్యమును చూచితిమి. దాని వ్యాసము సుమారు 106 అడుగులు. పునాది బండిచక్రము వలె ఆకులు గలది. త్రవ్వినపుడు ఇందులో వెండి భరిణెయు, దాని లోపల చిన్న బంగారు భరిణెయు, అందు చిన్న యెముక ముక్కయు దొరకెను. దానిని బుద్ధధాతువుగా నెంచి తరువాత సారనాథములోని మూలగంధకుటీ విహారమునకు చేర్చిరి. సింహళ విహారమును, కృష్ణరేవున నుండిన స్నానఘట్టపు రాతిమెట్లును గూడ మరల గట్టినవి గలవు. ఆ మెట్ల వరుసల పొంకము చూచి, మన యూరి చెరువు కిట్టి మెట్లున్న బట్టలుతుకుటకు నడుము నొప్పి యుండదు గదా యని నవ్వుకొంటిమి. పెద్దమ్మ ఆ మెట్లమీద కూర్చుండి కాళ్ళు చాచుకొనెను. చెట్ల నీడలో భోజనములు చేసితిమి. లాంచీవారిచ్చు వ్యవధి యొక గంటయే, చూచుటకది చాలదు. ముందు ప్రదర్శనశాల చూచి పిదప భోజనము చేయుట మేలు.

తిరిగి రేవు చేరిన పిదప మోటారులో అనుపునకు పోయితిమి. అచ్చట విహారముల ప్రతిరూపములును, నాలుగువైపుల మెట్లు గల రంగస్థలమును గలవు. నడుమ నిలిచి మెల్లగా పలికినను పైమెట్టు వరకు వినబడును. పిల్లలొక పద్యము చదివి వినిపించిరి. మూలస్థలమున ఈ రంగస్థలము చెంత హారీతి గుడి యుండెనని త్రవ్వినవారు చెప్పిరి. హారీతి పిల్లలను కాపాడు తల్లి. రాజులు మారిరి, మతములు మారెను. బిడ్డలకొరకు మ్రొక్కు తల్లులు మాత్రము ఏ కాలమునను మారలేదు.

సాయంకాలము మాచర్ల దారిలో ఎత్తిపోతల నాగితిమి. చంద్రవంక సుమారు 70 అడుగుల యెత్తునుండి లోయలోనికి దుముకును. క్రింద మొసళ్ళ పెంపక కేంద్రమున్నది. కావున పిల్లల చేతులు విడువక పైనుండియే చూడవలెను. వెలుగు పోకముందే అచ్చట నుండి బయలుదేరుట మంచిది.

పోదలచిన సోదరీమణులకు కొన్ని మాటలు. ప్రదర్శనశాలకు శుక్రవారము సెలవు. నీటిమట్టమును బట్టియు, గాలివానలను బట్టియు లాంచీలు నిలిపివేయుదురు. కావున ముందు విచారించి కదలవలెను. త్రాగునీరు, టోపీ లేక గొడుగు, జారని చెప్పులు వెంట నుండవలెను. మెట్లెక్కలేని వృద్ధులకు తొందరపడక నడచుటకు వేళ యుండునట్లు మొదటి లాంచీ నెక్కుడు. శాసనముల యెదుట గైడును నిలిపి, "ఇది యెవరు వేయించినది?" అని పేరు పేరున అడుగుడు. అడిగినచో వారు చెప్పుదురు. అడుగనిచో రాజుల సంవత్సరములు చెప్పి దాటిపోవుదురు.

ఇంటికి వచ్చిన తరువాత కూడ పెద్దమ్మ ప్రశ్న నన్ను విడువలేదు. ఆనకట్ట వలన ఎండిన పల్నాటికి నీరు వచ్చినది. వరియు మిరపయు పండినవి. మన వంటయింటి బియ్యములో కొంత ఆ నీటిదే. అది మేలు కాదని యెవ్వరనగలరు? ఐనను ఆ మేలునకు వెల యిచ్చినవారు లోయలోని ఇల్లాండ్రు. విజయపురి స్త్రీలకు రాయి దొరకెను, చెక్కువాడు దొరకెను. వారి పేళ్ళు కొండ యెక్కినవి. తిరగలిని బండి కెక్కించి వేపచెట్టును బ్రతుకనిచ్చిన తల్లి పేరు ఏ రాతిమీదను లేదు.

రాయి లేకున్నను కాగితము మన చేతనున్నది. కృష్ణ యడుగున మునిగిన పల్లెలలో పుట్టి నేడు పల్నాటిలోను ఇతర జిల్లాలలోను ముసలితనమున నున్న స్త్రీ లింకను కొందరు గలరు. వారు పోయిన పిమ్మట ఆ వాకిళ్ళు, ఆ బావులు, ఆ జాతరలు చెప్పువా రుండరు. చదువరులలో ఎవరి యింటనైనను, వీధిలోనైనను అట్టి పెద్దమ్మ యున్నయెడల, ఒక మధ్యాహ్నము ఆమె చెంత కూర్చుండి ఊరిపేరు, తల్లిపేరు, చెట్టుపేరు అడిగి పిల్లల నోటుపుస్తకములో వ్రాసి యుంచుడు. మా పెద్దమ్మ చెప్పినవి మే మిప్పటికి ఇరువది పుటలు వ్రాసితిమి. ఆమె తల్లిపేరు వెంకాయమ్మ.